మాస్టారి దగ్గు

అందరూ మాస్టారని పిలిచే విమర్శకుడు చనిపోయిన నెలకు, ఆయన గదిలో ఖాళీ కుర్చీ ఎదుట కొత్త కథ చదువుతున్న ముసలి రచయిత మధ్యలో ఆగిపోయాడు. వింటున్న విమర్శకుడి భార్య తలెత్తింది.

"ఆగారేం?"

"ఇక్కడ తల్లి భోరుమంటుందమ్మా. ఇలాంటి చోటే ఓసారి మాస్టారు దగ్గారు. నచ్చలేదనుకుని ఆ ఏడుపు కొట్టేశాను. నన్ను చూసి రాసేవాళ్లంతా కొట్టేశారు. అప్పట్నుంచి మన కథల్లో ఏ తల్లీ ఏడవలేదు."

"అయ్యో ఖర్మ! ఆయనకి ఉబ్బసమండీ. ఫ్యాను గాలి తగిలితే చాలు, దగ్గే."

"ఆ ముక్క మాతో అననేలేదే!"

"ఓసారి చెప్పబోయారు. ఇంతలో దగ్గొచ్చింది. మీరంతా కలాలు తీశారు."

రచయిత కాగితాలు మడవబోయాడు.

"పోనీలెండి. ఈ తల్లినైనా ఏడవనివ్వండి. చదవండి."

"చదువుతాను. ముందు ఆయన కుర్చీ మీద తిరిగే ఆ ఫ్యాను కట్టెయ్యండమ్మా."