ప్రశ్న దగ్గర ఆగే వీడియో: జగదీశ్వరి మేడం గారికి అభినందన

1996వ సంవత్సరం జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం, సీతంపేట కొండల్లోని ఒక చిన్న పాఠశాలలో శ్రీమతి జగదీశ్వరి గారు ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ఆ రోజు హాజరైన విద్యార్థులు పదకొండు మంది అని వారే ఎన్నోసార్లు నాతో చెప్పారు. ఇరవై తొమ్మిదేళ్ల సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్న ఈ శుభ సందర్భంలో, వారి ప్రయోగశాలలో అటెండరుగా పదకొండేళ్లు పనిచేసిన నన్ను ఈ అభినందన సంచికకు నాలుగు మాటలు రాయమన్నారు. పదో తరగతితో చదువు ఆగినవాణ్ణి. మన వాట్సాప్ గ్రూపులో రోజూ పొడుగు పొడుగు మెసేజీలు పెట్టే ధైర్యంతోనే ఒప్పుకున్నాను. దోషాలుంటే పెద్దలు మన్నించాలి.

కొండల్లో ఎనిమిదేళ్లు, శ్రీకూర్మం దగ్గర ఐదేళ్లు పనిచేసి, 2009లో జీవశాస్త్ర స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది, మరో ఐదేళ్లకు రాజాం పక్కనున్న మన ఉన్నత పాఠశాలకు వారు విచ్చేశారు. వచ్చిన మొదటి వారంలోనే బీరువాలోని గాజు సామాను మొత్తం నా చేత కడిగించారు. తాము కూడా పక్కన కూర్చుని కడిగారు.

కరోనా సమయంలో బడులు మూతపడినప్పుడు వారు నా ఫోనుతోనే పాఠాలు చిత్రీకరించడం మొదలుపెట్టారు. పిల్లలు వీడియోను ఆన్ చేసి ఆటలకు పోతున్నారని గ్రహించి, యాభై ఏడేళ్ల వయసులో ఒక కొత్తరకం వీడియో చేయడం నేర్చుకున్నారు. ఆ వీడియో మధ్యలో ఆగుతుంది. తెరమీద ప్రశ్న వస్తుంది. జవాబు నొక్కితేనే పాఠం ముందుకు సాగుతుంది, తప్పు నొక్కితే ఆ ముక్క మళ్లీ చూపిస్తుంది. ఎవరు ఎక్కడ ఆగారో, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లారో తెల్లవారేసరికి జాబితా వచ్చేది. ఒకసారి మూడో నిమిషం దగ్గర పద్దెనిమిది మంది వెనక్కి వెళ్లారు. "ఇంతమంది అక్కడే తడబడ్డారంటే నేనే సరిగ్గా చెప్పలేదు తిరుమలరావూ, ఫోను తియ్యి" అని ఆ ముక్కను మళ్లీ తీయించారు. బడులు తెరిచాక కూడా ఈ పద్ధతి మానలేదు. ఏడాది మధ్యలో వేసే ఫార్మేటివ్ మార్కులు సైతం ఆ జవాబుల ఆధారంగానే వేయసాగారు.

వారి అనుమతితోనే ఇక్కడ ఒక సంఘటన రాస్తున్నాను. 2022లో తొమ్మిదో తరగతి చదువుతున్న గౌరి అనే అమ్మాయికి, పువ్వు భాగాల పాఠంలో పదహారుకి పదిహేను వచ్చాయి. జవాబులు ఇచ్చిన సమయం మధ్యాహ్నం పన్నెండు నలభై. ఆ వేళకు గౌరి బడిలో భోజనం వరుసలో ఉంది, బడికి ఫోను తేవడానికి వీల్లేదు. "ఎవరి చేత చేయించావు?" అని మేడం గారు తరగతిలో అడిగారు. ఆ పిల్ల తల వంచుకుంది. మిగతా పిల్లలు నవ్వారు. మేడం గారు రిజిస్టరులో సున్నా వేశారు. మర్నాడు గౌరి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. బడి మానేసి తల్లితో గోనె సంచుల మిల్లుకు పోతానంటోందని స్నేహితురాలు చెప్పింది.

ఆ సాయంత్రమే మేడం గారూ నేనూ నా స్కూటరు మీద గౌరి ఇంటికి వెళ్లాం. గౌరి తల్లి తవిటమ్మ అప్పుడే మిల్లు నుంచి వచ్చింది, జుట్టు నిండా నార పీచు. కూతురికి కడుపునొప్పి అనుకుంటోందట. మేడం గారు సంగతి చెప్పగానే ఆమె అడ్డుపడింది.

"దాని తప్పేటీ లేదు మేడమ్మా. నానే నొక్కీసినాను. ఫోను నాకాడే ఉంటాది. మిల్లుకాడ అన్నం తింటా సూత్తే బొమ్మ మద్దిలో ఆగిపోయి అడుగుతాది. నన్నే అడిగినట్టు అనిపించీసినాది. జవాబు సెప్పకపోతే కదల్దు, మరేటి సెయ్యాలి?"

"ఎంతవరకు చదువుకున్నావు తవిటమ్మా?"

"అయిదు. ఆరులో మాన్పించీసినారు."

"అయిదు చదివి పదహారుకి పదిహేను తెచ్చుకున్నావు."

"ఒకటి పోనాదా? ఏది పోనాది?"

వచ్చిన పని మరిచి మేడం గారు పెరట్లో మందారం కోసి, గోటితో చీల్చి, అండాశయం ఆమెకు చూపించారు. నేను స్కూటరు తాళాలు రెండుసార్లు ఆడించినా వారు వినిపించుకోలేదు. తర్వాత గౌరిని పిలిచి, ఎందుకు చెప్పలేదని అడిగారు.

"సెప్తే అమ్మని తిడతారనుకున్నాను మేడం. నాను ఇంటికొచ్చి సూసేసరికి పాఠం అయిపోనాదని వస్తాది, మరి తెరుసుకోదు."

మర్నాడు ప్రార్థన సమయంలో మేడం గారు అందరి ముందు అన్న మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "తప్పు గౌరిది కాదు. కాపీ కొట్టకూడదని, ఒక్కసారి అన్ని జవాబులూ ఇస్తే పాఠం మళ్లీ తెరుచుకోకుండా పెట్టింది నేను. మన ఊళ్లో ఇంటికి ఒకటే ఫోను ఉంటుందని మర్చిపోయింది నేను. మొన్న తరగతిలో నవ్వినవాళ్లు కాదు, ముందు నేను గౌరికి క్షమాపణ చెప్పాలి." బడికి తిరిగొచ్చి వెనక వరుసలో నిల్చున్న గౌరి కన్నీళ్లు తుడుచుకుంటూ తరగతిలోకి వెళ్లింది. పువ్వు చేతికిచ్చి నోటితో పరీక్ష పెడితే ఇరవైకి పదిహేడు సంపాదించింది. అప్పటి నుంచి ప్రతి వీడియో మొదట "ఇప్పుడు చూస్తున్నది ఎవరు?" అని అడుగుతుంది, ఇంట్లో ఎందరుంటే అందరికీ విడిగా తెరుచుకుంటుంది. ఆ జాబితాలో అమ్మల పేర్లు, నాయనమ్మల పేర్లు రావడం నా కళ్లతో చూశాను.

గౌరి ఇప్పుడు రాజాంలో ఇంటర్ బైపీసీ చదువుతోంది. తవిటమ్మ మేడం గారి ప్రోద్బలంతో ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టి, మూడు సబ్జెక్టులు పూర్తి చేసింది. విరమణ తర్వాత ఏం చేస్తారని మొన్న నేను అడిగితే మేడం గారు లెక్కగా చెప్పారు: "తవిటమ్మకి ఇంకా రెండున్నాయి. ఆదివారం సెలవు కదా, వస్తానంది."

భర్త శ్రీ మోహనకృష్ణ గారితో, కుమార్తె విశాలితో కలిసి, మోకాళ్లు నొప్పెట్టకుండా, కంటిచూపు మసకబారకుండా, భగవంతుడు మేడం గారికి దీర్ఘాయువు ప్రసాదించాలని మన పాఠశాల కుటుంబం తరఫున వేడుకుంటున్నాను. ఇంకా ఎన్నో ఆదివారాలు వారి ఇంటి ముందు చదువుకునేవాళ్ల చెప్పులు కనిపించాలి.

– తిరుమలరావు, ల్యాబ్ అటెండర్