జక్కయ్య నాచుమందు

గుణదలలో కాలవగట్టు పక్కన జక్కయ్యకి సిమెంటు కుండీలు పోసే షెడ్డుంది. దానికెదురుగా గంగారత్నం టీకొట్టు. ప్లాస్టిక్ కుండీలొచ్చాక షెడ్డులో పని తగ్గింది, టీకొట్టు దగ్గర జక్కయ్య మాటలు పెరిగాయి. ఈ వానాకాలం కూడా ఇలాగే పోతే షెడ్డు ఎత్తేసి ఏ అపార్ట్‌మెంట్‌కో వాచ్‌మన్‌గా చేరాల్సిందేనని ఇంట్లో భార్య సంపూర్ణమ్మ తేల్చి చెప్పేసింది.

అలాంటప్పుడు ఓ సాయంత్రం భానుశ్రీ గారని ఒకావిడ మైలవరం నుంచి కారేసుకుని వచ్చింది. మామిడితోటలో భోజన హోటల్ పెడుతోందట.

"తోట నిండా పెద్ద కుండీలు కావాలండీ. కొత్త సిమెంటులా తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడకూడదు. తాతల నాటివిలా ఉండాలి. చెయ్యగలరా?" అంది, బెంచీ మీద కూర్చుని టీ అందుకుంటూ.

చెయ్యగలడో లేదో జక్కయ్యకే తెలీదు. కానీ 'తెలీదు' అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. పైగా పక్క బెంచీ మీద ఆటో నడిపే పాల్, థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ దిగొచ్చిన దుర్గాప్రసాద్ అప్పటికే చెవులు రిక్కించారు.

"పాతగా చెయ్యడమాండీ? అదీ ఒక పనేనా! నేను గొప్పోణ్ణని చెప్పట్లేదండోయ్. పదో తరగతి తప్పినోణ్ణి, మా ఆవిడ నన్ను కూరగాయలకి కూడా పంపదు. కానీ నాచు విషయంలో మాత్రం దేవుడు ఈ చేతిలో ఏదో పెట్టాడు. పోయినేడు ఒక పెద్దాయన ఇలాగే అడిగితే, ఏముందీ, ఇంట్లో పుల్లబడ్డ మజ్జిగుంటే అందులో పేడనీళ్లు కలిపి, కాలవ మెట్ల మీద నాచు గీకి పడేసి, మన గంగారత్నం వదిన కొట్టులో మిగిలిన డికాషన్ పోసి, కుండీకి పులిమి తడి గోనెపట్టా కప్పా. తెల్లారి తీసి చూస్తే పచ్చగా, చెయ్యేస్తే మెత్తగా!"

"ఒక్క రాత్రికే?" అన్నాడు దుర్గాప్రసాద్.

"ఒక్క రాత్రికే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎండ తగిలేసరికి మందు రెచ్చిపోయింది. మధ్యాహ్నానికి అంచులు అరిగాయి, సాయంత్రానికి పగుల్లోంచి రావిమొక్క లేచింది. కొండపల్లి కోట చూసొస్తున్న కాలేజీ మాస్టారొకాయన దాన్ని చూసి బస్సు ఆపించి దిగిపోయాడు. భూతద్దం పెట్టి చూసి, 'ఇందులో రాణీగారు తులసి పెంచారు' అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను పోసిన కుండీయే సారూ అంటే, 'నోర్ముయ్, నీకు చరిత్ర తెలీదు' అన్నాడు. అదీ నిజమే కదాని మూసుకున్నా."

"కుండీ అడుగున నీ పేరు గీస్తావుగా బాబాయ్?" అన్నాడు పాల్.

"గీశాన్రా. అరిగిపోయి ఏ భాషో తెలీకుండా అయిపోయింది. ఫొటో తీసుకెళ్లాడు, ఇంకా చదువుతూనే ఉన్నాడు పాపం."

భానుశ్రీ నవ్వింది. ఆ నవ్వు చూడగానే జక్కయ్యకి ఆర్డరు చేతిలో పడ్డట్టే అనిపించింది. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం?

"అసలు సంగతి అది కాదండీ. మిగిలిన మందు బకెట్‌కి మూత పెట్టడం మర్చిపోయా. మా కోడిపెట్ట రెండు గుక్కలు తాగింది. పొద్దునకి ఈకలు నెరిసిపోయి, గుడ్లు పెట్టడం మానేసి, గోడెక్కి మిగతా కోళ్లకి బుద్ధులు చెప్పడం మొదలెట్టింది. పోనీ నేనేమన్నా తెలివైనోణ్ణా? చెయ్యి కడుక్కోకుండా తల గోక్కున్నా. చూడండి!" తువ్వాలు తీసి బట్టతల చూపించాడు. "నాకు నిండా ముప్పయ్యేళ్లు లేవండీ! బస్సెక్కితే కండక్టరు పెద్దాళ్ల సీటు ఖాళీ చేయించి మరీ కూర్చోబెడుతున్నాడు. మా అత్తగారైతే గుర్తుపట్టక 'బాబాయిగారూ, మంచినీళ్లు తీసుకుంటారా?' అంది."

పాల్‌కి టీ పొరబోయింది.

"ఇంకా వినరా! ఒక్క చుక్క కాలవలో పడింది. ఆ నీళ్లు పారినంత మేరా కొత్త అపార్ట్‌మెంట్లన్నీ పెంకుటిళ్లయిపోయాయి. నాలుగో అంతస్తు వాళ్లు నా దగ్గరికొచ్చి, 'మా లిఫ్టేదయ్యా?' అని కాలర్ పట్టుకుంటే..."

"జక్కయ్యా," అంది గంగారత్నం, గిన్నెలోకి టీ వడగడుతూ. "ఆవిడ మళ్లీ మైలవరం వెళ్లాలి. నీ షెడ్డు వెనక, కారే రేకు కింద పడున్నాయే కుండీలు, అవి చూపించరాదూ? మూడేళ్ల వానలు తిన్నాయి, ఒక్కడూ కొనలేదు. నాచు పట్టి పచ్చటి దుప్పటి కప్పినట్టున్నాయి. మందూ లేదు, మజ్జిగా లేదమ్మా. మజ్జిగుంటే ఈయన తాగెయ్యడూ?"

దుర్గాప్రసాద్, పాల్ పగలబడి నవ్వారు. జక్కయ్య మొహం గాలి తీసిన ట్యూబులా అయిపోయింది. కొనే దిక్కులేదని సిగ్గేసి, ఆ కుండీల్ని ఆయన ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. ఆర్డరు పోయినట్టే అనుకున్నాడు. సంపూర్ణమ్మకి ఏం చెప్పాలో తోచలేదు.

భానుశ్రీ అప్పటికే రోడ్డు దాటుతోంది. తువ్వాలు చేత్తో పట్టుకుని వెనకే నడిచాడు.

రేకు తుప్పు నీళ్లు చారలుగా దిగి, అంచులు నల్లబడి, ఒకదానిమీదొకటి ఒరిగి ఉన్నాయి కుండీలు. ఒకదాంట్లోంచి కప్ప బయటికి దూకింది. ఆవిడ వంగి గోటితో గీకి చూసింది. నాచు ఊడి రాలేదు. చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇవన్నీ నాకే కావాలండీ. ఒక్కటి కూడా కడక్కండి," అంది. "ఇలాంటివి దగ్గర పెట్టుకుని ఆ కథంతా దేనికండీ? ఉన్నమాట ముందే చెప్పొచ్చుగా?"

జక్కయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"మూడేళ్లలో ఒక్కటీ అమ్ముడుపోలేదంటే మీరు కొంటారాండీ? అందుకే కాస్త నమ్మేలా ఉంటుందని ఆ కోడిపెట్ట సంగతి చెప్పా," అన్నాడు.