కండ్లకు కట్టు ఇప్పిన పొద్దు

"తాతా, ఈ బడి పోటోలో అమ్మ ఒక్కతే ఎందుకు ఇంత పొడుగుండాది? పక్కన అంతా చిన్న పిల్లోళ్లే ఉండారే?"

ఏదీ, ఇట్లియ్యి పాపా... ఓ, ఇదా. ఇది మీయమ్మ ఆరో తరగతి పోటో. అప్పటికి మీయమ్మకు పద్నాలుగేండ్లు. కాదు కాదు, పదమూడు నిండి పద్నాలుగు నడస్తా ఉండె. పక్కనుండే పిల్లోళ్లకు పదకొండు కూడా ఉండవు. మీయమ్మ నీకు చెప్పలేదా? చెప్పదులే. చెప్తే నన్ను అన్నట్లయితాదని చెప్పుండదు. నా వల్లనే మూడేండ్లు బడికి పోలేదు మీయమ్మ. కూర్చో, నేనే చెప్తా.

అప్పట్లో మనం బంగారుపాళ్యం పక్కన పల్లెలో ఉంటిమి. సెంటు భూమి లేదు. నా పని మామిడి అంట్లు కట్టేది. టెంక మొలిచిన మొక్కను ఏటవాలుగా కోసి, మంచి చెట్టు కొమ్మను దానికి అతికిచ్చి, గాలి దూరకుండా పట్టీ సుట్టేది. బేనీషా రకం గానీ, బెంగుళూరా రకం గానీ, నేను కట్టిన అంటు చిగురెయ్యకుండా ఉండేది కాదు. గొప్పలనుకునేవు, అడుగు కావల్నంటే ఆ పక్క ముసిలోళ్లను. ఆ పనికి సేతులుంటే సాలదు పాపా, కండ్లుండల్ల. కోత మీద కోత కూర్చోకుండా ఎంట్రుకంత సందుంటే సాలు, అంటు సచ్చిపోతాది.

నలభై దాటినాక నా కండ్లకు మంచు పట్టినట్లు మొదలాయె. ముందు ఎండకనుకుంటి. తరవాత కత్తి బొటనేలు మీద పడె. తోట ఆసామి మంచోడు, కోప్పడలేదు. "మునిరత్నం, ఈ తడవ నువ్వు కట్టినవన్నీ ఎండిపోయినాయప్పా" అన్నాడు అంతే. మళ్లా పనికి పిలవలేదు. ఎట్ల పిలస్తాడు? ఇంకో ఏడాదికి ఎదురుగా నిలబడింది మనిషో మానో తెలీకుండా పోయె.

డాక్టరు కాడికి ఎందుకు పోలేదంటావా? మా నాయనకూ అట్లే అయింది గదా. ఆయప్పకు యాభై దాటినాక సూపు పోయింది. తిన్నె మీద కూర్చోబెట్టి, సంగటి ముద్ద సేతికిచ్చి, పన్నెండేండ్లు సాకినాం. అట్లే పోయినాడు. మా ఇంటి మొగోళ్లకు ఇది రాసిపెట్టుండాది అనుకుంటిమి. ఎవురో ఆకు పసురు పిండితే పిండించుకుంటి. మంట తప్ప ఏమీ లేదు.

ఇంగ ఇల్లు ఎట్ల గడవాల? మీ అవ్వ, మంగ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పాయె. కాయలు తోలు తీసేది, కోసేది. కాయల కాలం అయిపోతే ఏ కూలి దొరికితే అది. పాడావు ఒకటుండె, దాన్నీ అమ్మి తినేస్తిమి. నన్ను ఒక్కణ్ణే ఇంట్లో ఇడిస్తే పొయ్యిలో పడతానని, ఐదో తరగతితోనే మీయమ్మను నిలిపేస్తిమి. అది ఏడ్సలేదు పాపా. ఏడ్సినా నాకు కనపడదు గదా. నా పక్కన కూర్చోని ఆ ఐదో తరగతి పుస్తకమే మళ్లా మళ్లా సదివేది. అట్టలు ఊడిపోయి, కాగితాలు ఊడిపోయి, ఆఖర్న పుస్తకం లేకుండానే సదివేది.

ఇంకొకటి చెప్తా, ఇది మీ అవ్వ కాడ అనొద్దు. యాడికన్నా పోవల్నంటే మీ అవ్వ నా సెయ్యి పట్టుకునేది కాదు. తువ్వాల కొన నాకిచ్చి, "ఇది పట్టుకో మామా" అని, రెండో కొన తాను పట్టుకోని నడిచేది. నేను మనసులో కుమిలిపోతా ఉంటి. కట్టుకున్న దానికి నా సెయ్యి గూడా రోతయిపోయిందే అని. నోరు తెరిచి అడగలేదు. అడిగి, ఆమె అవునంటే?

అట్లుండంగా ఒక దినం నర్సమ్మ వచ్చింది. పక్కింటి బిడ్డకు టీకా ఎయ్యను వచ్చి, మనింటి ముందర నిలబడి నీళ్లడిగింది. మీయమ్మ సెంబు ఇస్తే, "బడికి పోలేదా పాపా?" అన్నిందంట.

"మా నాయనకు కండ్లు కనపడవక్కా. నేను సూసుకుంటా ఉండా."

ఆమె సీదా లోపలికొచ్చి నా గదమ పట్టుకోని మొగం పైకెత్తింది. టార్చిలైటు ఏసింది. నాకు ఎర్రగా, మసగ్గా, ఏదో కదిలినట్లాయె.

"ఎలుతురు తెలస్తా ఉందా పెద్దాయనా?"

"తెలస్తా ఉండాదమ్మా. మనుసులే తెలీరు."

"అయితే నీ కండ్లు సచ్చిపోలేదు. ఇది శుక్లం. పొర ముదిరింది. తీసేస్తే కనపడతాది."

"మళ్లీ చెప్పమ్మా" అన్నాను. నిజ్జంగా మళ్లీ చెప్పమన్నాను. ఆమె మళ్లీ చెప్పింది. వచ్చే బేస్తవారం ప్రభుత్వ ఆస్పత్రి కాడికి బస్సొస్తాది, తిరపతికి తీసకపోతారు, ఆపరేషను, మందులు, తిండి అన్నీ వాళ్లే, పైసా అక్కర్లేదు, మారు పంచె తెచ్చుకో సాలు, అనింది. పేరు రాసుకోని పాయె. ఆ పొద్దంతా నేను అన్నం తినలేదు. కనపడతాదనే సంతోసం కాదు పాపా. మా నాయన కండ్లు గూడా సచ్చిపోలేదేమో గదా! పన్నెండేండ్లు ఆ తిన్నె మీద... ఒక్కరన్నా వచ్చి లైటేసి సూసింటే... సరేలే.

తీరా బేస్తవారం వచ్చేసరికి నాకు బయమాయె. కంట్లో కత్తి పెడితే ఉండే ఎలుతురు గూడా పోతాదేమో, నేను రానంటి. మీ అవ్వ నా మింద ఎప్పుడూ అరిసింది లేదు. ఆ పొద్దు అరిసింది.

"ఉండేది ఈ సీకటేగదా మామా! దీన్ని పోగొట్టుకుంటానని బయపడతాండావా?"

తువ్వాల కొన పట్టుకోని బస్సెక్కినా.

బస్సు నిండా మాలాంటోళ్లే. ఒకరి కాళ్లు ఒకరు తొక్కతా, ఒకరినొకరు ఏ ఊరు ఏ ఊరని అడగతా పోతిమి. ఆస్పత్రిలో కంటి పక్కన సూదేసినారు. తరవాత నొప్పి లేదు, ఊరికే ఎవురో తట్టినట్లుండె. డాక్టరు నాతో మాట్లాడతానే ఉండాడు. "ఏం పని సేస్తావు?" అన్నాడు. అంట్లు కడతానంటి. "అయితే కదలకుండా పని సెయ్యడం నీకు తెలుసు. కదలకుండా పడుకునేది నేర్సుకో" అని నవ్వినాడు. పొర తీసేసి కంట్లో గాజుబిళ్ల పెట్టినామని చెప్పినారు. కంట్లో! ఈ పొద్దుకీ నాకు అది తలుసుకుంటే ఒళ్లు జల్లుమంటాది.

తెల్లారినాక కట్లు ఇప్పినారు. మమ్మల్నందర్నీ వరసగా బెంచీల మీద కూర్చోబెట్టినారు. నా వంతొచ్చె. దూది తీసినారు. పాపా, ఎట్ల చెప్పేది నీకు... ముందర ఒక సెయ్యి. ఐదు వేళ్లు. ఆ వేళ్ల మీద ఎంట్రుకలు. గోరు పక్కన సిరా మరక. "ఎన్ని వేళ్లు?" అని డాక్టరు అడగతా ఉంటే, నేను "సిరా, సిరా" అంటా ఉండా! నాకు వేళ్లు లెక్కపెట్టను తోచలేదు. నా పక్కన సత్తేడు నుంచి వచ్చిన ముసిలామె, "ఓయమ్మా, నా కోక పచ్చదా! ఎర్రదనుకోని కట్టుకుంటా ఉండానే!" అని నవ్వతా ఏడస్తా ఉండాది. ఒకాయన గోడను సూసి దండం పెడతాండాడు. ఒట్టి సున్నం గోడ!

అప్పుడు మీ అవ్వ వాకిట్లో కనపడె. తల సగం నెరిసిపోయుండాది. నేను ఆఖర్న సూసినప్పుడు నల్లగా ఉండె. నా ముందరికొచ్చి నిలబడి, సేతులు కొంగులో దాచుకుండాది.

"కనపడతాండానా మామా?"

"సేతులు తియ్యి" అంటి.

"ఎందుకులే."

నేనే కొంగు జరిపినా. మామిడి సొనకు, పులుపుకు వేళ్ల సందుల్లో తోలంతా ఊడిపోయి, పచ్చి పుండ్లు. గోర్లు సగం లేవు. తువ్వాల ఎందుకో అప్పుడు తెలిసె. నేను సెయ్యి పట్టుకుంటే ఆ పుండ్లు నాకు తెలిసిపోతాయని, తెలిస్తే పనికి పోవద్దంటానని. నేనేమో రోత అనుకోని మూడేండ్లు... ఆ సేతులు నా కండ్ల మీద పెట్టుకోబోతే, ఆ ఆస్పత్రి నర్సమ్మ ఒకామె కేకేసింది, "కంటికి తగలనియ్యొద్దయ్యా!" అని. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాం.

కొన్నాళ్లకు రెండో కన్నూ సేసినారు. తోట ఆసామి కాడికి పోయి, "ఒక్క తడవ సూడన్నా" అంటి. యాభై మొక్కలు కట్టనిచ్చినాడు. దినామూ పోయి సూసేవాణ్ణి, చిగురేసిందా లేదా అని. ఏసె పాపా! ఎర్రగా, సిన్నసిన్నగా. మీ అవ్వ మళ్లా ఫ్యాక్టరీ గేటు తొక్కలేదు. తరవాత గదా మనం రోడ్డు పక్కన నర్సరీ పెట్టింది, ఈ మిద్దె కట్టింది. మీయమ్మ ఆరో తరగతిలో సేరింది, అందరూ ఎగతాళి సేసినా కూర్చునింది. పది పాసాయె. పాసైంది కాబట్టే గదా కండక్టరు ఉద్యోగమొచ్చి, ఈ పొద్దు సిత్తూరు బస్సులో టిక్కెట్లు కొడతా ఉండేది.

అంతా ఒక్క టార్చిలైటుతో. ఎంత ఆశ్చర్యమో సూడు. దేవుడు కొండ దిగొచ్చి సేసినా నేను ఇంత ఆశ్చర్యపోను. ఒక మనిషి నీళ్లు తాగను వచ్చి, పనిలో పనిగా నా గదమ పట్టుకోని సూసింది, అంతే.

రెండు కండ్లూ బాగైనాక, ఒక బేనీషా మొక్క తీసుకోని ఆమెను ఎతుక్కుంటా మన ప్రభుత్వ ఆస్పత్రికి పోతి. బదిలీ అయి పోయిందన్నారు. యాడికో వాళ్లకు సరిగ్గా తెలీలేదు. ఆమె వచ్చినప్పుడు నాకు కండ్లు లేవు, కండ్లొచ్చేసరికి ఆమె లేదు. నాకు సూపు తెచ్చిచ్చిన మనిషి మొగం ఎట్లుంటాదో నాకు తెలీదు పాపా. గొంతైతే తెలుసు. ఇప్పుడు గూడా బస్సులో వయసైన ఆడమనిషి ఎవురన్నా మాట్లాడతా ఉంటే, కండ్లు మూసుకోని వింటాను...

నువ్వు సల్లగుండు నా తల్లీ. నీ కండ్లు సల్లగుండల్ల. నువ్వు గూడా ఎవురి గడపలోనన్నా నీళ్లు తాగితే, ఆ ఇంట్లో మూలన కూర్చోనుండే మనిషిని ఒకసారి సూసి రా తల్లీ... ఊరికే, ఒకసారి సూసి రా...