గేటు దాటిన అడ్డురేకు

నా ఈ వీడ్కోలు సభకి అధ్యక్షత వహిస్తున్న మన లాండ్రీ యజమానిగారికి, మనుషుల కాగితాలూ మెషిన్ల భద్రతా రెండూ చూసే పని మానుకుని మరీ నా కోసం వచ్చిన ఇన్‌స్పెక్టరుగారికి, ముందు వరసలోని ఆఫీసు పెద్దలకి, వెనక నిలబడ్డ ఉతుకుడు, ఇస్త్రీ విభాగాల వాళ్ళకి, నేనెక్కడ నోరు జారుతానో అని అప్పుడే తల పట్టుకున్న మా ఆవిడకి, అందరికీ నమస్కారం.

మీరందరూ నన్ను చాటుగా అనుమానప్పక్షి అంటారని నాకు తెలుసు. (నవ్వులు) నవ్వండి, ఎవరు ముందు నవ్వారో చూశాను. ముప్పై ఒక్కేళ్ళు గేటు దగ్గర కూర్చుని, వచ్చే ప్రతి మనిషి ముఖాన్నీ కార్డు మీది ఫోటోతో పోల్చి చూసినవాడికి ఇంకే పేరొస్తుంది? కూరలో ఉప్పు తగ్గితే ఇదెవరి పని అని అడుగుతానని మా ఆవిడ ఫిర్యాదు. ఇందాక యజమానిగారు గడియారం బహూకరిస్తే, మీరు చప్పట్లు కొడుతుండగానే చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. నడుస్తోంది లెండి.

అసలు ఈ సభ మీదే నాకు అనుమానం. పోయిన సోమవారం యజమానిగారు నన్ను తన గదికి పిలిచి, ముప్పై ఒక్కేళ్ళలో ఎన్నడూ లేనిది, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కూర్చున్నాను గానీ సగం కుర్చీలోనే. "కాగితాలు లేకుండా సరిహద్దు దాటొచ్చి, వేరేవాళ్ళ కార్డుల మీద ఇక్కడ పనిచేస్తున్నవాళ్ళ గురించి నువ్వో నోటు పుస్తకం రాసుకున్నావటగా. వెళ్ళిపోయే రోజు సభలో ఇన్‌స్పెక్టరుగారి చేతికే ఇచ్చెయ్, నీకూ గౌరవంగా ఉంటుంది, పెన్షన్ కాగితాల మీద నా సంతకమూ పడుతుంది" అన్నారు. ఇన్నేళ్ళూ "కార్డుంది కదా, లోపలికి పంపు, ముఖాలతో నీకేం పని" అని నన్ను కసిరింది కూడా ఈయనే!

పుస్తకం ఉన్నమాట నిజమే. దాచేదేముంది, వాళ్ళంటే నాకు మంటే. వాళ్ళొచ్చాక ఇస్త్రీ విభాగంలో జీతాలు పెరగడం మానేశాయి. పెంచమన్న వాడికి "నువ్వొద్దంటే సగానికి చేసేవాళ్ళు గేటు బయట నిలబడి ఉన్నారు" అనే జవాబు నా చెవులారా విన్నాను. మా వీధిలో ఒక్కో గదిలో ఎనిమిదేసిమంది దిగి, అద్దెలు పెరిగి, కుళాయి దగ్గర తగాదాలు పెరిగి, ఎవరింట్లో చెంచా కనపడకపోయినా ముందు వాళ్ళ తలుపే కొట్టేవాళ్ళం. నేనూ కొట్టాను. ఆ చెంచా మా ఇంట్లోనే, మంచం కింద దొరికింది. వెళ్ళి చెప్పానా అంటే, చెప్పలేదు.

మన దగ్గర పుట్టినరోజున మధ్యాహ్నం నుంచి సెలవిచ్చే పద్ధతి ఒకటుంది కదా, ఆ ఒక్క పూట కోసం మీరు నెల ముందు నుంచే నా బల్ల చుట్టూ తిరుగుతారు. ఇద్దరైతే ఒకే ఏడాదిలో రెండుసార్లు పుట్టారు. (నవ్వులు) అలాంటిది ఒక ఏడాది, ఏ ఏడాదో చెప్పను, ఒకావిడ కార్డు ప్రకారం ఆవేళ పుట్టినరోజైతే, మధ్యాహ్నం దాటినా ఆవిడ దుప్పట్లు మడతపెడుతూనే ఉంది. సెలవొచ్చే పుట్టినరోజుని ఎవరైనా మరిచిపోతారా? అరువు తెచ్చుకున్న పుట్టినరోజైతే మరిచిపోతారు. దొరికింది అనుకుని, హుషారుగా లోపలికెళ్ళి, "ఈవేళ నీ పుట్టినరోజు కదమ్మా" అన్నాను. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఈ బండెడు మడతపెట్టేసి వెళ్ళిపోతాను అన్నా, మళ్ళీ రాను" అంది.

నేను తిరిగొచ్చి రిజిస్టర్లో ఆవిడకి పూట సెలవు రాశాను. ముప్పై ఒక్కేళ్ళలో నేను రాసిన అబద్ధం అదొక్కటే. ఎందుకు రాశానో, ఆ విషయంలో నా మీద నాకే అనుమానం. మీరెవరూ వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, ఆవిడ ఉందో వెళ్ళిపోయిందో కూడా చెప్పను.

ఇప్పుడు నాలుగో రోలరు సంగతి. సలసల కాగే రోలర్ల మధ్యకి దుప్పటి అందించే చోట, చెయ్యి లోపలికి పోకుండా ఒక అడ్డురేకు ఉండాలి. పది నెలలుగా లేదట. కాగితాలు లేనివాళ్ళనే ఆ మెషిను మీద పెట్టారు, వాళ్ళు నోరెత్తరు కాబట్టి. చెయ్యి కాలితే గుడ్డ చుట్టుకుని, ఆసుపత్రికెళ్తే కార్డడుగుతారని మళ్ళీ మెషిను దగ్గరికే వచ్చేవాళ్ళు. సొంత కార్డున్నవాడు అడిగితే "వాళ్ళు చెయ్యట్లా? నీకేం మాయరోగం?" అన్నారు. కాగితాలు లేనివాడి నోరు మూయిస్తే ఉన్నవాడి నోరు దానంతటదే మూతపడుతుందని నాకప్పుడు తెలియలేదు. పోయిన నెల మా చెల్లెలి మొగుడి కుడిచెయ్యి, అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్నవాడి చెయ్యి, అందులోకి పోయింది.

కాసిని మంచినీళ్ళు ఇలా ఇవ్వండి.

ఎవరో పరిగెత్తి స్విచ్చు ఆపబట్టి మణికట్టుతో సరిపోయింది. ఆపిందెవరయ్యా అని మా చెల్లెలి మొగుణ్ణి అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఆయనకి చెవుడు. ఎల్లుండి విచారణ. అడ్డురేకు ఆవేళ ఆయనే ఊడదీశాడని కంపెనీ వాదన. కాదు, ఎప్పట్నుంచో లేదని చెప్పడానికి ఆ స్విచ్చు ఆపిన మనిషి సాక్ష్యానికి వస్తానన్నారట. సొంత కార్డులున్న మనలో ఒక్కరూ వస్తాననలేదు. సరిగ్గా ఇప్పుడే యజమానిగారికి నా నోటు పుస్తకం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నాకు అనుమానం రాదూ?

నిన్న మా చెల్లెలు, "అన్నయ్యా, పుస్తకం ఇస్తే నా మొగుడికి సాక్షి ఉండడు, ఇవ్వకపోతే నీకు పెన్షన్ ఉండదు. ఏం చేస్తావు?" అంది. నువ్వూ వచ్చావుగా, జవాబు ఇప్పుడు చెబుతున్నాను, వినమ్మా.

ఇన్‌స్పెక్టరుగారూ, ఆ పుస్తకం పొద్దున్నే బాయిలర్లో వేశాను. నేను కొనుక్కున్నదే, కంపెనీది కాదు. అయినా ఉత్తచేతులతో రాలేదు. ఇదిగో గేటు రిజిస్టరు. ఇక్కణ్ణుంచి బయటికెళ్ళిన ప్రతి వస్తువూ, ఎవరి సంతకంతో వెళ్ళిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో ఇందులో ఉంటుంది. మనుషుల్ని అనుమానించడంలో పడి, నా చేత్తో రాసింది నేనే మరిచిపోయాను. నిన్న అప్పగింతల కోసం తిరగేస్తుంటే కంటపడింది. చదువుతాను. "నాలుగో రోలరు అడ్డురేకు, ఒకటి, మరమ్మతుకి." పది నెలల కిందటి తేదీ. సంతకం యజమానిగారిది. తిరిగి వచ్చిన తేదీ రాయాల్సిన గడి ఖాళీ.

యజమానిగారూ, లేచారేం? కూర్చోండి. ఈసారి కుర్చీ నేను చూపిస్తున్నాను.

సాక్ష్యానికి ఇంకెవరూ రానక్కర్లేదు. నేను వెళ్తాను, నా కాగితాలన్నీ ఉన్నాయి. రేపట్నుంచి నా చోట కూర్చునే తమ్ముడూ, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను లోపలికొచ్చే ముఖాలే చూస్తూ ఉండిపోయాను. నువ్వు బయటికేం పోతోందో కూడా చూడు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు, అందరికీ ధన్యవాదాలు. గడియారం ఈ బల్ల మీదే పెడుతున్నాను, వెనక్కి కావాలంటే తీసుకోవచ్చు. ఆ బండెడు దుప్పట్లు మడతపెట్టిన ఆవిడకి మాత్రం ఒక మాట బాకీ పడ్డాను. ఆ రోజు పుట్టినరోజని చెప్పానే గానీ, చల్లగా ఉండమ్మా అనలేదు. నీ అసలు రోజు ఎప్పుడో నాకు తెలీదు. అడగను కూడా. ఎక్కడున్నా చల్లగా ఉండమ్మా. ఇక సెలవు.