ఎర్ర గుర్తు

కరోనా రెండో విడత తగ్గిన వానాకాలంలో, సూరత్‌లో తెలంగాణ నేత కార్మికులుండే నవాగామ్‌లోని ఎల్లవ్వ ఇరుకు గదికి సర్వే చేసే తెలుగు అమ్మాయి వచ్చింది. ఇంట్లోని యంత్రాలను ముసలివాళ్లు వాడగలరో లేదో అడిగి రాసుకోవడం ఆమె పని. ఎల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది.

"మిక్సీ నడుపొస్తదా అవ్వా?"

"ఇరవై ఏండ్లు బట్టలు నేసే సాంచల కార్ఖానల చేసిన. మిక్సీ రాదా?"

"టీవీ రిమోటు?"

"వస్తది. పెడ్తలేను."

"వీడియో కాల్?"

"వస్తది. పచ్చ గుర్తు ఒత్తాలె."

అమ్మాయి తలెత్తి చూసింది. "ఎవరు నేర్పిన్రు?"

"దవాఖానల నర్సమ్మ. వార్డులకు మమ్ముల రానియ్యలె గదా. రోజు పొద్దుగాల పదింటికి మా ముసలాయనను ఫోన్ల చూపెట్టేది. పదకొండు రోజులు."

పన్నెండో రోజు సంగతి అమ్మాయి అడగలేదు. ఫారంలో తర్వాతి ప్రశ్న చదివింది.

"కాల్ కట్ చేసుడు వస్తదా?"

"రాదని రాసుకో."

"అల్కగనే ఉంటది అవ్వా. ఎర్ర గుర్తు ఒత్తుడు, బస్."

"ఎరుకే బిడ్డా. ఎప్పుడైనా నర్సమ్మనే కట్ చేసేది."

"నువ్వు ఒక్కసారి గూడ ఒత్తలేదా?"

"మనిషి కనపడుతుంటే ఎట్ల ఒత్తాలె?"

అమ్మాయి పెన్ను ఆగిపోయింది. వచ్చు, రాదు అని ఫారంలో రెండే గడులున్నాయి.

"రాదనే రాసుకో బిడ్డా," అంది ఎల్లవ్వ. "తర్వాతిది అడుగు."