గైడు లేని కణాలు

ల్యాబ్‌లో ప్రొఫెసరూ, నాలుగేళ్లుగా ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయీ. ఇవాళ తాడో పేడో తేల్చుకుందామనే వచ్చిందామె.

“ఆ కణాలు పెంచిన డిష్షులు పారెయ్యమన్నాను కదమ్మా?”

“పారెయ్యను సార్.”

“పారెయ్యవా?”

“పారెయ్యను.”

“నాలుగేళ్లకి నోరొచ్చిందే! సరే, చెప్పు. నరానికి తొడుగు వేసే కణాలు దేనివల్ల బతుకుతాయి?”

“నరం పంపే సిగ్నల్ అణువుల వల్ల. అవి అందకపోతే ఒక్కరోజులో చస్తాయి. మీరు కనిపెట్టిందే. ఇదిగో, గోడకి ఫ్రేము కట్టి ఉంది.”

“మరి నరమే లేని డిష్షులో నీవి బతికాయంటావేంటి? ఎక్కడో పొరపాటున సిగ్నల్ పడింది.”

“పడలేదు. మీరు చూసినవి పసికణాలు సార్. నావి నాలుగు రోజులు పెద్దవి. తమకి కావలసిన సిగ్నల్ తామే తయారుచేసుకుంటున్నాయి.”

“నాలుగు రోజులకే అంత స్వతంత్రమా!”

“నాకు నాలుగేళ్లు పట్టింది.”

“ఏంటీ?”

“ఏం లేదు సార్. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ బతికాయి. చేతిలో నరం తెగితే, అది మళ్లీ పెరిగేదాకా దారి కాపాడేది ఇవే కదా. ఎవరో చెప్పలేదని ఇవీ చచ్చిపోతే ఆ చెయ్యి ఇంక కదిలినట్టే!”

“ఉపన్యాసం ఆపు. నీ గైడు ఎవరు?”

“మీరే.”

“థీసిస్ మీద సంతకం?”

“మీదే. కానీ సార్...”

“కానీ లేదు, గీనీ లేదు. థీసిస్‌లో ఆ డిష్షుల అధ్యాయం తీసెయ్. లేదా ఇంకో గైడుని వెతుక్కో.”

“తీసెయ్యను. వెతుక్కోమంటే వెతుక్కుంటాను.”

“అబ్బో! ఎందుకమ్మా ఈ మొండితనం? పొద్దున నా టేబుల్ మీద పెట్టావే ఒక డిష్షు, లేబుల్ మీద కాగితం అంటించి...”

“బతికిన కణాలు లెక్కపెట్టేవాళ్లకి అది ఏ డిష్షో తెలియకూడదని మీరే కదా నేర్పారు.”

“నేర్పాను. బుద్ధిగా పాటించావు. అందులో కణాలు చూడు, కళకళలాడుతున్నాయి! సిగ్నల్ అందితే అలా ఉంటాయి. అలాంటి పని చేసి తీసుకురా, కళ్లు మూసుకుని సంతకం పెడతాను.”

“దానికి పెట్టేశారుగా.”

“పెట్టాను. ‘కణాలన్నీ సజీవం, సిగ్నల్ బాగా అందింది’ అని నీ నోట్‌బుక్‌లో రాసి మరీ పెట్టాను. ఇంకేం కావాలి నీకు?”

“ఇంకేం వద్దు సార్. ఆ లేబుల్ మీద కాగితం కాస్త ఊడదీయండి. మీరు పారెయ్యమన్న డిష్షుల్లోదే అది.”