తినని వాళ్ళ లెక్క

నన్ను అందరూ వంటక్క అంటారు. వయసు నలభై ఆరు. బట్టలు కుట్టే కార్ఖానాలో క్యాంటీన్ నడుపుతున్నాను. భర్త లేరు. కూతురు అదే కార్ఖానాలో గుండీలు కుట్టే పనిలో ఉంది. విందు భోజనం విషయమై పోలీసు అధికారి అడగగా నాకు తెలిసింది చెబుతున్నాను.

శుక్రవారం మా సూపర్‌వైజరు గారి పదవీ విరమణ. మధ్యాహ్నం ఒంటి గంటకు కుట్టు హాల్లో నూరు మందికి భోజనం పెట్టాం. అన్నం, పప్పు, కోడికూర నేను వండాను. నిమ్మరసం మాత్రం కటింగ్ మాస్టరు కలిపాడు. ఎండగా ఉందని తనే బజారుకు వెళ్ళి ఐసు దిమ్మ తెచ్చాడు.

సాయంత్రానికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మర్నాటికి నలభై మంది ఆసుపత్రిలో ఉన్నారు. వారిలో నా కూతురు ఒకతి. కాజాలు కుట్టే పెద్దాయనకు ప్రాణం మీదికి వచ్చింది. ఆయన కొడుకు వరండాలో అందరి ముందూ నన్ను నిలదీశాడు.

"ఏం కలిపావే ఆ కూరలో? మా నాన్నకేమన్నా అయితే నిన్ను ఊరికే వదలను."

కూర ఉడికింది. ఉడికిందనే నా నమ్మకం. కూతురి మంచం పక్కన కూర్చుని, "ఉడికింది కదే? ఉడికింది కదా?" అని దాన్నే అడిగాను. అది సెలైను ఎక్కుతున్న చెయ్యి కదపకుండా, "ఊరుకో అమ్మా" అంది. పోలీసులు వచ్చి గిన్నెలు పట్టుకెళ్ళి, క్యాంటీన్‌కు తాళం వేశారు.

ఆదివారం వైద్య కళాశాల నుంచి ఒక ప్రొఫెసరమ్మ, ఆమె విద్యార్థులు వచ్చారు. మేమెవరం పిలవలేదు. జబ్బుపడ్డవాళ్ళనే కాదు, ఏమీ కానివాళ్ళను కూడా ఇంటింటికీ వెళ్ళి, ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగారు. మర్నాడు ఉదయం కుట్టు హాల్లో, గుడ్డ కత్తిరించే బల్ల మీదే దర్జీ సుద్దతో లెక్క కట్టారు. నన్నూ కూర్చోమన్నారు.

ఒక పొడుగాటి కుర్రాడు ముందు లేచాడు. "మేడమ్, జబ్బుపడ్డ నలభై మందిలో ముప్పైరెండు మంది కోడికూర తిన్నారు. అంటే నూటికి ఎనభై. కూరే మేడమ్, అనుమానమే లేదు."



"జబ్బుపడ్డవాళ్ళలో ఎంతమంది తిన్నారని నేనడిగానా?" అంది ప్రొఫెసరమ్మ. "తిన్నవాళ్ళలో ఎంతమంది జబ్బుపడ్డారు? తినని వాళ్ళలో ఎంతమంది? అది చెప్పు."

అతను బల్ల మీద నాలుగు గళ్ళు గీశాడు. తిన్నవాళ్ళు ఎనభై మంది, జబ్బుపడింది ముప్పైరెండు మంది. తినని వాళ్ళు ఇరవై మంది, జబ్బుపడింది ఎనిమిది మంది.

"నూటికి నలభై మేడమ్. ఇక్కడా... నూటికి నలభయ్యే."

"దాన్ని దీంతో భాగించు."

"ఒకటి."

"ఒకటంటే?"

"తిన్నా తినకపోయినా ఒకటే మేడమ్."

ఆ మాట మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు. మూడోసారి కూడా అడగాలనిపించింది గానీ సిగ్గేసింది.

నిమ్మరసానికీ అలాగే గీశారు. తాగిన యాభై మందిలో ముప్పై ఐదుగురు జబ్బుపడ్డారు. తాగని యాభై మందిలో ఐదుగురే. నూటికి డెబ్బై ఎక్కడ, పది ఎక్కడ! "తాగినవాళ్ళకి ముప్పు ఏడు రెట్లు" అన్నాడు కుర్రాడు.

"మరి తాగని ఐదుగురికెందుకు వచ్చిందమ్మా?" అని నేనే అడిగాను.

"పక్కవాళ్ళ గ్లాసులో గుక్కెడు తాగి మర్చిపోయుంటారు, లేదా వేరే కారణం ఉంటుంది. లెక్క దారి చూపిస్తుందంతే అక్కా, రుజువు చెయ్యదు. ఆ ఐసు కొన్న చోటి నుంచే మళ్ళీ తెప్పించి పరీక్షకి పంపుదాం" అంది ప్రొఫెసరమ్మ.

పరీక్షలో తేలింది. ఐసు తయారుచేసే చోట నీళ్ళ తొట్టిలోకి మురుగు కలుస్తోందట. ఇంకెవరూ ఆ ఐసు కొనకుండా ఆ రోజే ఆపించారు.

పొడుగాటి కుర్రాడికి చేతులు జోడించి, "నీ కడుపు చల్లగా ఉండాలి నాయనా" అన్నాను. అతను నవ్వి, "ఈ లెక్కలో రెండుసార్లు ఫెయిలయ్యానమ్మా. ఇక జన్మలో మర్చిపోను" అన్నాడు.

నా కూతురు ఇంటికొచ్చింది. పెద్దాయన బతికారు. ఆయన కొడుకు మా గుమ్మం దాకా వచ్చి, "అక్కా" అన్నాడు. లోపలికి రమ్మన్నాను.

కృతజ్ఞతలు వాంగ్మూలంలో రాయరని స్టేషను రైటరు గారు అన్నారు. అయినా రాయమని కోరాను. పిలవకుండా వచ్చిన ఆ పిల్లలు లేకపోతే నేను ఈ పాటికి మీ ముందు ఇంకోలా నిలబడి ఉండేదాన్ని.

కటింగ్ మాస్టరు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అతనూ ఆ నిమ్మరసమే తాగాడు. ఇప్పుడు జనం అతని వంక చూస్తున్నారు. నిన్న గంజి కాచి వాళ్ళింటికి తీసుకెళ్ళాను. వారమంతా నా చేతి తిండి ఎవరూ ముట్టలేదు. అతను మాత్రం గిన్నె అందుకుని, చల్లారే దాకా కూడా ఆగకుండా తాగేశాడు.

ఇదంతా నేను నా నోటితో చెప్పిందే. రాసింది చదివి వినిపించారు, ఉన్నదున్నట్టుగా ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా సంతకం పెడుతున్నాను.

(సంతకం)
వంటక్క